నా పేరు పక్కన ‘స్పిన్‌స్టర్’ అని రాశారు

ఈ వారం ఉత్తరం శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చింది. రాసినావిడకు 39 ఏళ్లు, ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లిష్ టీచరు. తండ్రి పోయేనాటికి ఆమెకు 22, తమ్ముడికి 14. వాడి చదువు, వాడి పెళ్లి, తల్లి గుండె ఆపరేషన్ అన్నీ ఆమె జీతం మీదే గడిచాయి. సంబంధాలు రాలేదని కాదు. ‘ఒకటి రెండు నేను వద్దన్నాను. మిగతావాళ్లు నన్ను వద్దన్నారు. తర్వాత రావడమే మానేశాయి’ అని రాశారు. ఇప్పుడు విశాఖలో సొంతంగా ఒక ఫ్లాట్ కొంటున్నారు. బ్యాంకు లోనుకు అఫిడవిట్ కావాలంటే ఒక డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి వెళ్లారు. ఆయన ఇంగ్లిష్‌లో టైపు చేసిచ్చిన కాగితంలో పేరు, తండ్రి పేరు, వయసు, ఆ పక్కన ‘స్పిన్‌స్టర్’ అని, అంటే పెళ్లికానిదని, ఉంది. నోటరీ సంతకం కూడా అయిపోయింది. ఇంటికొచ్చాకే చూసుకున్నారు.

ఆమెకంటే ముందు తమ్ముడు చూశాడు. ఫొటో తీసి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, ‘అక్కకి గవర్నమెంటువారి బిరుదు’ అని. మరదలు పగలబడి నవ్వే బొమ్మలు నాలుగు పెట్టింది. పిన్ని కొడుకు ఒకడు ‘ముదురు బెండకాయని ఇంగ్లిష్‌లో ఇలా అంటారన్నమాట’ అన్నాడు. ఆ రాత్రి మేనకోడలు పక్కన చేరి, ‘అత్తా, స్పిన్‌స్టర్ అంటే ఏంటి? స్పిన్ బౌలరా?’ అని అడిగింది. ‘ఇంగ్లిష్ టీచర్నై ఉండి, తర్వాత చెప్తాలే పడుకో అన్నాను. పది రోజులైంది, ఇంకా చెప్పలేదు’ అంటున్నారు.

ఆమె అడిగినవి మూడు. ఆ కాగితం మార్పించుకోవాలా? తమ్ముణ్ణి నిలదీయాలా, లేక గ్రూపులోంచి మాట్లాడకుండా తప్పుకోవాలా? భార్య పోయిన 46 ఏళ్ల ఆయన సంబంధం ఒకటి అమ్మ ఈమధ్యే తెచ్చింది, ‘ఆ మాటైనా నన్ను వదిలిపోతుందని’ ఒప్పేసుకోవాలా? ఉత్తరం మూసేముందు ఇంకోటి కలిపారు: ‘మా నాన్నమ్మది పొందూరు. వలుగ చేప దవడతో పత్తిని దువ్వి, రాట్నం మీద నూలు వడికేది. ఈ స్పిన్‌కీ ఆ వడకడానికీ ఏమైనా చుట్టరికం ఉందా అండీ?’

ఉందండీ. అది దూరపు చుట్టరికం కూడా కాదు, అందుకే మీరు చివర కలిపిన ప్రశ్ననే ముందు తీసుకుంటున్నాను. మీరు ఇంగ్లిష్ చెప్పేవారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

‘స్పిన్’ పాత ఇంగ్లిష్‌లోని ‘స్పిన్నన్’, అంటే నూలు వడకడం. గిరగిరా తిరగడం అనే అర్థం చాలా తర్వాత వచ్చింది, కదురు తిరుగుతుంది కాబట్టి. మీ మేనకోడలు అడిగిన స్పిన్ బౌలరు కూడా పుట్టింది ఆ కదురు దగ్గరే. ఇక చివరి ‘స్టర్’. అది పాత ఇంగ్లిష్‌లో ఆడవాళ్ల పనిని చెప్పే ప్రత్యయం. మనకు వంటకత్తె, పాటకత్తె, పనికత్తెలలో ‘కత్తె’ ఎలాగో అలాగ. రొట్టెలు కాల్చే ఆమె బాక్‌స్టర్, బీరు కాచే ఆమె బ్రూస్టర్, బట్ట నేసే ఆమె వెబ్‌స్టర్. క్రమంగా ఆ తోకలో ఆడతనం అరిగిపోయి, అవి మగవాళ్ల ఇంటిపేర్లయ్యాయి. 1828లో అమెరికన్ ఇంగ్లిష్‌కి పెద్ద నిఘంటువు కట్టిన నోవా వెబ్‌స్టర్ ఇంటిపేరుకి అర్థం ‘నేతకత్తె’. ఈ సంగతి మీ తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పి చూడండి.

కాబట్టి స్పిన్‌స్టర్ అంటే వడుకుకత్తె, అంతే. 14వ శతాబ్దంలో ఆ మాట కావ్యంలో కనబడేనాటికి అందులో పెళ్లి ప్రసక్తే లేదు. ఒక బట్టల వ్యాపారి పెళ్లాం నూలు వడికేవాళ్లకు పని పురమాయిస్తోంది, వాళ్లు స్పిన్‌స్టర్లు. వాళ్లలో పెళ్లయినవాళ్లూ ఉంటారు, కానివాళ్లూ ఉంటారు, ముసలమ్మలూ ఉంటారు. ‘ఆదాము మట్టి తవ్వి, హవ్వ నూలు వడికిన రోజుల్లో జమీందారెవడు?’ అని 1381 రైతుల తిరుగుబాటులో ఇంగ్లండ్‌లో జనం అడిగారు. హవ్వ వడికింది కదా, ఆమెకు మొగుడు లేడా మరి!

అలాంటి పనిమాట మీ అఫిడవిట్‌లోకి ‘పెళ్లికానిది’ అనే అర్థంతో ఎలా దిగింది? కోర్టు గుమాస్తాల చేతి మీదుగా. 1413లో, ఐదో హెన్రీ కాలంలో, ఇంగ్లండ్‌లో ఒక చట్టం వచ్చింది. వ్యాజ్యం కాగితాల్లో ప్రతివాది పేరు పక్కన అతని హోదా గానీ వృత్తి గానీ, ఉండే ఊరూ తప్పకుండా రాయాలని. ఒకే పేరున్న నలుగురిలో అసలు మనిషి ఎవరో తేలాలి కదా. మన దస్తావేజుల్లోనూ అంతే కదా, ‘ఫలానా వారి కుమార్తె, వయస్సు 39 సం.లు, వృత్తి ఫలానా, నివాసం ఫలానా’ అని. మగవాడైతే కమ్మరి, కుమ్మరి, రైతు అని రాశారు. ఆడమనిషికి ఏం రాయాలి? మొగుడుంటే ‘ఫలానావాడి భార్య’, పోతే ‘విధవ’. ఈ రెండూ కాని ఆమెకు ఒక పని పేరు కావాలి. ఆ రోజుల్లో దాదాపు ప్రతి ఇంట్లో ఆడవాళ్లు చేసే పని వడకడమే. ఒక మగ్గం ఆగకుండా ఆడాలంటే నలుగురైదుగురు వడికితే గానీ నూలు చాలేది కాదు. అలా మొగుడి పేరు రాయాల్సిన చోట రాట్నం వచ్చి కూర్చుంది. 1617లో జాన్ మిన్షూ అనే నిఘంటుకారుడు ఈ మాటకు అర్థం రాసేనాటికి అది పక్కా చట్టపు మాట: పత్రాల్లో పెళ్లికాని కన్యల పేరుకు తగిలించేది.

మీ ఫ్లాట్‌కి సంబంధించిన ముక్క ఇక్కడుంది. ఇంగ్లండ్ పాత చట్టంలో పెళ్లయిన స్త్రీకి విడిగా ఉనికి లేదు, ఆమె మొగుడి నీడలో భాగం. ఆమె పేరు మీద ఒప్పందం నిలవదు, ఆమె సంపాదన ఆమెది కాదు. 1870లో కొంత, 1882లో చాలామటుకు ఆ చట్టం మారింది. అంతదాకా ఆస్తి కొని, అమ్మి, అప్పిచ్చి, సొంతంగా సంతకం పెట్టగలిగిన ఆడవాళ్లు ఇద్దరే: విధవ, స్పిన్‌స్టర్. ఆ మాట పత్రంలో ఉందంటే ‘ఈమె సంతకానికి ఇంకో మగవాడి సంతకం అక్కర్లేదు’ అని అర్థం. వకీళ్లు ఆ మాటను అంత గట్టిగా పట్టుకుని వేలాడింది అందుకే. ఇంగ్లిష్‌వాళ్ల నమూనాలతో పాటు అది మన దేశానికీ వచ్చింది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం నమూనా ఫారాల్లో ఇప్పటికీ కూర్చునుంది. మీ డాక్యుమెంట్ రైటర్ మిమ్మల్ని ఏమీ అనలేదు. కంప్యూటర్లో ఉన్న పాత ఫారం తెరిచి పేరు మార్చాడు. ఆయన్ను అడిగితే అర్థం చెప్పగలడో లేదో కూడా అనుమానమే.

ఇక్కడితో ఆపేసి ‘చూశారా, ఎంత గొప్ప మాటో, గర్వపడండి’ అనొచ్చు. అనను. మాట పుట్టిన చోటొకటి, అది ఇవాళ గుచ్చే చోటొకటి. మనకు ‘సాని’ ఉంది. స్వామిని నుంచి వచ్చింది, అంటే యజమానురాలు. దొరసానిలో ఆ మర్యాద ఇంకా మిగిలే ఉంది. ఎవరినైనా ఒట్టి ‘సాని’ అనండి, ఏమవుతుందో! వ్యుత్పత్తి చెప్పినంత మాత్రాన చెంపదెబ్బ తప్పదు.

స్పిన్‌స్టర్‌కీ అదే గతి పట్టింది. 18వ శతాబ్దంలో అది కాగితాల మీది పదంగా ఆగలేదు, వయసు మీరినా పెళ్లి కుదరని ఆమెను వేలెత్తి చూపే మాట అయింది. ఆ శతాబ్దం చివరి భాగంలోనే నూలు వడికే యంత్రాలు, హార్‌గ్రీవ్స్ జెన్నీ, 1769లో ఆర్క్‌రైట్ యంత్రం, 1779లో క్రాంప్టన్ మ్యూల్, వచ్చి చేతి వడకానికి కూడు లేకుండా చేశాయి. పని పోయింది, పేరు మిగిలింది. పని ఉన్నంతకాలం ‘ఈమె తన రెక్కల మీద బతుకుతోంది’ అనే అర్థం కాస్తయినా అందులో ఉండేది. ఆ పని పోయాక మిగిలింది ‘మొగుడు లేడు’ అన్నదొక్కటే. ఏకు మేకవడమంటే ఇదే. మన సామెతలోని ఏకు కూడా రాట్నం దగ్గరి పత్తి ఏకే కదా!

ఆ యంత్రాల నూలు మన ఒడ్డుకీ వచ్చింది. 1828లో బెంగాల్‌లో సమాచార్ దర్పణ్ అనే పత్రికకు ఒక వడుకుకత్తె ఉత్తరం రాసింది. మొగుడు పోతే రాట్నం మీదే ముగ్గురు ఆడపిల్లల్ని సాకానని, ఇప్పుడు విలాయతి నూలు వచ్చి తన నూలును అడిగేవాడే లేడని. అదీ పాఠకురాలి ఉత్తరమే. ఆమెకు పత్రికవారు ఏం జవాబిచ్చి ఉంటారా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంటుంది.

మీరు ఇంకాస్త వెతికితే చేదు సంగతులు కూడా దొరుకుతాయి, అవి ఎవరో గ్రూపులో పెట్టకముందే నేనే చెబుతున్నాను. 1597లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ‘స్పిన్‌హౌస్’ అని ఒక నిర్బంధ గృహం పెట్టారు. ‘దారి తప్పారు’ అనుకున్న ఆడవాళ్లను అందులో వేసి నూలు వడికించేవారు. కేంబ్రిడ్జిలోనూ అలాంటి పేరుతోనే ఒకటి ఉండేది. అంటే రాట్నం ఒక ఆమెకు స్వేచ్ఛ, ఇంకో ఆమెకు శిక్ష. మాట వంశవృక్షంలో అన్నిరకాల చుట్టాలూ ఉంటారు, మన ఇళ్లల్లో లాగే.

పోనీ ఆ మాట పుట్టిన దేశంలో ఇప్పుడెలా ఉంది? 2005 డిసెంబరు నుంచి ఇంగ్లండ్, వేల్స్ వివాహ రిజిస్టర్లలో ‘స్పిన్‌స్టర్’, ‘బ్యాచిలర్’ రెండూ తీసేసి, ఇద్దరికీ కలిపి ‘సింగిల్’ అని రాస్తున్నారు. వాళ్లు పారేసిన బిరుదును మన స్టాంపు పేపరు ఇంకా మోస్తోంది.

బ్యాచిలర్ అంటే గుర్తొచ్చింది. అది మొదట పాత ఫ్రెంచిలో ఇంకొకరి జెండా కింద పోరాడే కుర్ర యోధుడు. అక్కణ్ణుంచి యూనివర్సిటీలో మొదటి డిగ్రీ అయింది, పెళ్లికాని మగవాడూ అయింది. మగవాడి మాటకు డిగ్రీ దక్కింది, ఆడదాని మాటకు ఎకసెక్కం దక్కింది. అన్నట్టు మీరు బి.ఏ., బి.ఎడ్. కదా? అంటే సర్టిఫికెట్ల ప్రకారం రెండుసార్లు బ్యాచిలర్. మీ తమ్ముడు ఆ ఫొటోలు గ్రూపులో పెట్టాడా?

సరే, ఇక మీ ప్రశ్నలు.

కాగితం సంగతి తేలిక. అఫిడవిట్‌ని అలాగే వదిలేస్తే లోనుకు, ఇంటికి ఏ నష్టమూ లేదు. ఆ మాట చట్టం దృష్టిలో ‘అవివాహిత’ అనే చెబుతుంది, అంతకుమించి ఏమీ కాదు. కానీ ఆ ఫైలు తెరిచినప్పుడల్లా మీ కళ్లు దాని మీదే పడతాయి, లోను తీరేదాకా చాలా ఏళ్లు. మార్పించుకుంటే కొత్త స్టాంపు పేపరు, మళ్లీ నోటరీ సంతకం, ఒక పూట సెలవు. బ్యాంకులో ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ‘ఎందుకు మార్చారు’ అని ఒక ప్రశ్న వస్తుంది, ఫైలు నాలుగు రోజులు ఆగొచ్చు. నేనైతే అఫిడవిట్ మీద కంటే రేపు రాబోయే సేల్ డీడ్ మీద కన్నేసి ఉంచుతాను. అది ఒకసారి రిజిస్టరైతే దిద్దడానికి సవరణ దస్తావేజు కావాలి, అమ్మినాయన్ను కూడా మళ్లీ ఆఫీసుకు రప్పించాలి. అందులో తండ్రి పేరు, వయసు, వృత్తి చాలు. 1413 నాటి చట్టం కూడా అడిగింది వృత్తే, మీకు వృత్తి ఉంది. ‘టీచర్’ అని రాయమనండి.

తమ్ముడి విషయం అంత తేలిక కాదు. మీ ఉత్తరంలో ఆ మాట గురించి రెండు పేజీలు రాశారు, తమ్ముడి గురించి నాలుగు లైన్లు. నాకు అది తలకిందులుగా కనబడింది. ఆ కాగితం తెచ్చిచ్చిన డాక్యుమెంట్ రైటర్ ఎవరో పరాయివాడు, వాడి మాట మీకు ఇంత గుచ్చేది కాదు. మీ జీతంతో ఇంజినీరింగ్ చదివినవాడు నలుగురిలో నవ్వులాట చేశాడు, అదీ గుచ్చుకున్నది. స్పిన్‌స్టర్ బదులు డాక్యుమెంట్‌లో ‘అవివాహిత’ అని ఉన్నా వాడు ఇదే పని చేసి ఉండేవాడేమో, ఒకసారి ఆలోచించండి.

మీ ముందు మూడు దారులు కనబడుతున్నాయి. గ్రూపులోనే ఈ పాఠమంతా పెట్టడం ఒకటి. వెబ్‌స్టరూ, రాట్నమూ, బ్యాచిలరూ అన్నీ. ఆ పూట మీదే పైచేయి అవుతుంది, బెండకాయ అన్నవాడి నోరు మూతపడుతుంది. కానీ ‘అబ్బో, టీచరమ్మ క్లాసు పీకింది’ అని మరోసారి నవ్వుతారు, అసలు విషయం ఆ నవ్వులో కొట్టుకుపోతుంది. చెప్పకుండా తప్పుకోవడం ఇంకోటి. ఆ రాత్రి ప్రశాంతంగా ఉంటుంది. అయితే అమ్మ మందుల సంగతీ ఆ గ్రూపులోనే నడుస్తోందన్నారు, మేనకోడలి బడి ఫొటోలు కూడా అందులోకే వస్తాయి. పైగా ఎందుకు వెళ్లారో ఎవరూ అడగరు, ‘అలిగింది’ అని తేల్చేస్తారు. మూడోది, తమ్ముణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టి మాట్లాడటం. మరదలు లేకుండా, అమ్మ లేకుండా. చదువు, ఫీజులు, త్యాగాలు ఎత్తకుండా. ఎత్తారంటే వాడికి లెక్క చెప్పే అవకాశం దొరుకుతుంది. ‘ఆ ఫొటో తీసెయ్యి. నేను నవ్వలేదు, నాకు ఏడుపొచ్చింది’ అన్నంతే. వాడు సిగ్గుపడొచ్చు, లేదా ‘జోకక్కా, అంత సీరియస్ ఏంటి’ అనొచ్చు. రెండోదే అంటే మీకు బాధే, కానీ వాడెక్కడున్నాడో తెలుస్తుంది. ఇన్నేళ్లూ తెలుసుకోకుండా బండి నడిపించారనిపిస్తోంది. మరదల్ని మాత్రం ఇందులోకి లాగకండి, ఆ అమ్మాయి మొగుడు మొదలెట్టిన నవ్వును కొనసాగించింది.

పెళ్లి సంగతి. ఆయన గురించి మీరు రాసింది రెండే ముక్కలు, వయసు 46 అని, భార్య పోయిందని. ఆయన ఏం చేస్తారో, పిల్లలున్నారో, మాట్లాడితే ఎలా ఉంటారో ఒక్క మాట లేదు. అంటే మీరు ఇంకా ఆయన్ను చూడలేదు, పక్కనున్న గడిని చూస్తున్నారు. ఫారంలో ఆయన పక్కనా ఒక గడి ఉంది లెండి, ‘విడోవర్’. ఇంగ్లిష్‌లో ఆడమాట నుంచి మగమాట పుట్టిన అరుదైన చోటు అది, ‘విడో’కి తోక తగిలించి చేశారు. రెండు గళ్లకు పెళ్లి చేయడం కుదరదు. ఒక మాట తప్పించుకోవడానికి ఒప్పుకుంటే, ఆ మాట పోతుంది. ‘కుమారి’ పోయి ‘శ్రీమతి’ వస్తుంది. మగవాడికి చిన్నప్పటి నుంచీ పోయేదాకా ఒక్క ‘శ్రీ’ సరిపోతుందనుకోండి, అది వేరే గొడవ. కానీ ఆ తర్వాత రోజూ ఉదయం కాఫీ కలపాల్సింది ఆయనతో. ఆయన మీద మీకు నిజంగానే కుతూహలం ఉంటే రెండు మూడుసార్లు కలవండి. ఫ్లాట్ మీ పేరు మీదే ఉంటుందన్న మాట మొదటి రోజే చెప్పండి, ఆ మాటకు ఆయన ముఖం చూడండి. కుతూహలం లేకపోతే అమ్మతో ‘ఈ సంబంధం వద్దు’ అనండి. ‘పెళ్లే వద్దు’ అని ఇప్పుడే అననక్కర్లేదు, అది మీకే ఇంకా తేలినట్టు లేదు. అమ్మ కొన్నాళ్లు అన్నం సరిగా తినదు, అదీ తెలిసే చెబుతున్నాను.

ఇవన్నీ వారాలు పడతాయి. మేనకోడలికి చెప్పాల్సింది మాత్రం ఈ రాత్రే చెప్పేయండి. పది రోజులు మీరు చెప్పలేదంటే, అది చెప్పకూడని మాట అని ఆ పిల్ల ఈపాటికే అనుకుని ఉంటుంది. రేపు బళ్లో ఇంకెవరైనా వాళ్లకు తోచిన అర్థం చెబుతారు. ఆ పిల్లకు పెళ్లి దగ్గర మొదలుపెట్టకండి. పొందూరు నాన్నమ్మ దగ్గర మొదలుపెట్టండి, అంటే దానికి ముత్తవ్వ. వలుగ చేప దవడ అనగానే పిల్ల లేచి కూర్చుంటుంది చూడండి. పత్తిని దువ్వడం, ఏకు చుట్టడం, కదురు తిరగడం అన్నీ అయ్యాక, ఇంగ్లండ్‌లో ఆ పని చేసే ఆమెను స్పిన్‌స్టర్ అనేవారని చెప్పండి. తర్వాత పెళ్లికాని వాళ్లందరికీ కాగితాల్లో అదే పేరు రాసేశారని, దాంతో ఇప్పుడు కొందరు ఎగతాళికి వాడుతున్నారని కూడా దాచకుండా చెప్పండి. ‘నిన్ను అలా అంటే నీకు బాధేసిందా అత్తా?’ అని అడుగుతుంది. వేసిందనే చెప్పండి.

ఆ రాట్నం ఇంకా ఇంట్లో ఉందో లేదో మీరు రాయలేదు. అటక మీద ఉంటే ఒకసారి దింపండి, కొత్త ఫ్లాట్‌లో దానికి ఒక మూల దొరక్కపోదు. రిజిస్ట్రేషన్ తేదీ ఇంకా రాలేదన్నారు కదా, సేల్ డీడ్ డ్రాఫ్టు నాలుగు రోజుల ముందే తెప్పించుకుని, సంతకం పెట్టకముందే అక్షరం అక్షరం చదవండి.